సంపన్నుల సభలో కళాకారుడి షరతులు

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం)

మిత్రులారా, అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే, అయితే మొదలుపెడతాను.

జనవరి నెల సగం దాటిందంటే మన పత్రికల నిండా దావోస్ ఆర్థిక సభ. ఎవరు వెళ్లారు, ఏ కంపెనీతో సంతకాలయ్యాయి, ఎన్ని వేల కోట్లు వస్తాయన్నారు, ఇవే వార్తలు. వాటన్నిటి కింద ఏదో ఒక మూల చిన్న ఫొటో ఒకటి ఉంటుంది. ఒక నటుడో, ఒక గాయనో, ఒక చిత్రకారుడో చేతిలో జ్ఞాపిక పట్టుకుని నిలబడి ఉంటారు. ఇవాళ నేను మాట్లాడదామనుకున్నది ఆ ఫొటో గురించి. పెట్టుబడుల గురించి మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. ఆ ఫొటోలో ఉన్న మనిషిని అక్కడికి ఎందుకు పిలిచారు? పిలిస్తే వెళ్లి ఏం చేయగలిగారు? ఏం చేయనిచ్చారు? ఇవి ఎవరూ అడగడం లేదు. ఈ హాల్లో పాడేవాళ్లున్నారు, బొమ్మలు వేసేవాళ్లున్నారు, నాటకం ఆడేవాళ్లున్నారు. మనం అడగకపోతే ఇంకెవరడుగుతారు?

ముందు ఆ సభ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1971లో క్లాస్ ష్వాబ్ అనే ప్రొఫెసర్ యూరప్ కంపెనీల అధిపతుల కోసం దీన్ని మొదలుపెట్టాడు. అప్పట్లో దాని పేరు యూరోపియన్ మేనేజ్‌మెంట్ ఫోరమ్. 1987లో వరల్డ్ ఎకనమిక్ ఫోరమ్ అయింది. స్విట్జర్లాండ్‌లో, సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉన్న దావోస్ అనే మంచు ఊళ్లో ఏటా రెండున్నర వేల నుంచి మూడు వేల మంది కలుస్తారు. దేశాధినేతలు, బ్యాంకుల అధిపతులు, పెద్ద పెద్ద కంపెనీల యజమానులు. ఆ కంపెనీలు సభ్యత్వానికి లక్షల స్విస్ ఫ్రాంకులు కడతాయి. కళాకారులు మాత్రం పిలుపు మీద వెళతారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. డబ్బు కట్టి వచ్చినవాడు తన పని మీద వస్తాడు. పిలిస్తే వచ్చినవాడికి, పిలిచినవాళ్లు పని చెబుతారు.

ఇది దావోస్‌తో మొదలైందేం కాదు. ఒకసారి 1814లోకి వెళదాం. నెపోలియన్ ఓడిపోయాడు. యూరప్ పటాన్ని మళ్లీ గీసుకోవడానికి రాజులు, మంత్రులు, వాళ్ల పరివారం, అందరూ వియన్నాలో చేరారు. నెలల తరబడి విందులు, నాట్యాలు. సభ నాట్యమాడుతోంది గానీ ముందుకు నడవడం లేదని, అక్కడే ఉన్న ద లీన్య్ అనే వృద్ధ రాకుమారుడు అన్నట్టు చెప్పుకుంటారు. ఆ నవంబరు 29న సంగీతకర్త బీథోవెన్ ఒక పెద్ద కచేరీ చేశాడు. రాజులు వచ్చి కూర్చున్నారు. ఆ రోజు మూడు కృతులు వినిపించాడు. ఒకటి, అక్కడ చేరిన రాజుల ఘనతను పొగుడుతూ ఆ సందర్భం కోసమే రాసిన గేయకృతి. రెండోది, బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ విజయం మీద కట్టిన యుద్ధ సంగీతం, ఫిరంగుల మోతతో సహా. మూడోది ఆయన ఏడో సింఫనీ.

ఇప్పుడు చెప్పండి, ఈ మూడింటిలో ఇవాళ వినబడేది ఏది? రాజుల్ని పొగిడినదాన్ని ఎప్పుడో ఒకసారి, ఆయన రాసినవన్నీ రికార్డు చేయాలనుకున్నవాళ్లు ముట్టుకుంటారు. యుద్ధ సంగీతానికి ఆ రోజుల్లో వచ్చినన్ని చప్పట్లు మరి దేనికీ రాలేదేమో, ఇప్పుడు దాన్నీ అరుదుగానే వాయిస్తారు. ఏడో సింఫనీ మాత్రం ఇవాళ కూడా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట మోగుతూనే ఉంటుంది. మూడూ ఒకే చేతి రాత. ఒకే సాయంత్రం, ఒకే శ్రోతలు. మరి తేడా ఎక్కడుంది? ఏడో సింఫనీ ఆ రాజుల కోసం రాసింది కాదు. అంతకు ఏడాది ముందే, గాయపడ్డ సైనికుల సహాయం కోసం పెట్టిన కచేరీలో మొదటిసారి వినిపించింది.

బీథోవెన్‌ను నేను తప్పుపట్టడం లేదు. ఆయనకు ఆ సభ వల్ల డబ్బు వచ్చింది. రష్యా మహారాణికి ఒక చిన్న పియానో కృతి అంకితమిస్తే ఆమె 50 డ్యూకాట్లు, అంటే బంగారు నాణేలు, ఇచ్చింది. తర్వాత కొన్నేళ్లకు ఆయన ఆస్ట్రియా జాతీయ బ్యాంకులో వాటాలు కూడా కొనుక్కున్నాడు. కళాకారుడు బతకాలి కదా. నేను చూసేది మరొకటి. పొగడ్త వినడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, పొగడ్త కానిదాన్ని కూడా ఆద్యంతం వినేలా చేశాడు. ఆ సాయంత్రం ఆయన గెలిచింది అక్కడ.

మీలో కొందరికి ఈపాటికి పోతన, శ్రీనాథుడు గుర్తుకొచ్చి ఉంటారు. రాజుకు అంకితమివ్వడమా, ఇవ్వకపోవడమా అన్న పాత చర్చ. నేను ఆ పోలిక తేను. రాజుగారి కొలువులో కవికి ఎదురుగా ఒక్క ప్రభువు ఉంటాడు. ఆయనకు ఒక పేరుంటుంది, ఒక ముఖం ఉంటుంది. ఇస్తాననడమో ఇవ్వననడమో ఆ ముఖం మీదే చెప్పాలి. దావోస్‌లో ఏ ముఖం? అక్కడ అంకితం ఎవరూ అడగరు. పొగడమని కూడా అడగరు. అడిగేది మీ పేరు, మీరు నిలబడ్డ ఫొటో, మీ పక్కన నిలబడే హక్కు. అందుకే ఒప్పుకోవడం చాలా తేలిక. అందుకే కాదనడానికి ఏం కాదనాలో కూడా తెలియదు.

ఇక ఆ ఫొటో దగ్గరికి వద్దాం. కళాకారులకు ఆ ఫోరమ్ క్రిస్టల్ అవార్డు ఇవ్వడం 1990ల మధ్యలో మొదలైంది. సమావేశాలు మొదలయ్యే సాయంత్రం ఇస్తారు. 2018లో షారుఖ్ ఖాన్, నటి కేట్ బ్లాంచెట్, గాయకుడు ఎల్టన్ జాన్. 2019లో సంగీత నిర్దేశకురాలు మారిన్ ఆల్సప్, సౌదీ దర్శకురాలు హైఫా అల్ మన్సూర్, ప్రకృతి చిత్రాలు తీసే డేవిడ్ అటెన్‌బరో. 2020లో దీపికా పదుకొణె ఉన్నారు. 2024లో బుర్కినాఫాసోలో పుట్టిన వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ కెరె. చిన్నవాళ్లెవరూ కాదు. నాకు వాళ్లందరి మీదా గౌరవం ఉంది.

కానీ ఎందుకిచ్చారో చదవండి. షారుఖ్ ఖాన్‌కు యాసిడ్ దాడులకు గురైన మహిళల కోసం చేస్తున్న పనికి ఇచ్చారు. బ్లాంచెట్‌కు శరణార్థుల పక్షాన నిలిచినందుకు. ఎల్టన్ జాన్‌కు ఎయిడ్స్ మీద చేసిన పోరాటానికి. దీపికకు మానసిక ఆరోగ్యం గురించి బాహాటంగా మాట్లాడినందుకు. ఇవి మంచి పనులా? చాలా మంచి పనులు. దీపిక తన డిప్రెషన్ గురించి చెప్పడం వల్ల ఎన్ని ఇళ్లలో ఆ మాట గొంతు దాటి బయటికొచ్చిందో ఎవరు లెక్కపెట్టగలరు? కానీ నేను అడిగేది వేరు. వీటిలో కళ ఎక్కడుంది? ఆ పాట, ఆ నటన, ఆ చిత్రం ఎక్కడ? కళాకారుణ్ణి లోపలికి పిలిచి, ఆయన కళను గుమ్మం బయట నిలబెట్టినట్టు లేదూ? పేరున్న మనిషి చేసే సేవ వాళ్లకు అర్థమవుతుంది. దాన్ని కొలవచ్చు, ఎంతమందికి సాయం అందిందో చెప్పవచ్చు. ఒక కళాకృతి ఏం చేసిందో ఎలా కొలుస్తారు? కొలవలేరు. అందుకే కొలవగలిగినదాన్ని సత్కరిస్తారు.

పేరున్నవాళ్లు ఆ హాల్లో లేచి నిలబడితే ఏమవుతుందో 2005లో చూశాం. టాంజానియా అధ్యక్షుడు బెంజమిన్ ఎంకాపా మలేరియాతో చనిపోతున్న పిల్లల గురించి, దోమతెరల గురించి మాట్లాడాడు. ప్రేక్షకుల్లోంచి నటి షారన్ స్టోన్ లేచి, నేను 10,000 డాలర్లు ఇస్తున్నాను, మీలో ఎవరిస్తారు లేవండి, అంది. లేచారు. కొన్ని నిమిషాల్లో పది లక్షల డాలర్ల మాట వచ్చింది. మాట వచ్చింది, అంతే. ఆ తర్వాత వసూలైంది అందులో కొంతే. మిగిలింది పిల్లల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యూనిసెఫ్ సర్దవలసి వచ్చింది. ఆమె మనసు మంచిది, అందులో సందేహం లేదు. కానీ ఆమె అక్కడ చేసింది నటి పని కాదు. అంతమంది ఎదుట కూర్చుని ఉండలేని పరిస్థితి తెచ్చింది. ఆ పరిస్థితి దాటగానే డబ్బు ఇవ్వాలన్న ఒత్తిడీ దాటిపోయింది. మరుసటి ఏడాది, 2006లో, గాయకుడు బోనో అక్కడే రెడ్ అనే పథకం ప్రకటించాడు. కంపెనీలు ఎర్ర రంగు వస్తువులు అమ్మి, లాభంలో కొంత ఎయిడ్స్ మీద పోరాడే గ్లోబల్ ఫండ్‌కు ఇస్తాయి. దానివల్ల నిజంగానే డబ్బు చేరింది. కానీ అది కూడా వ్యాపారమే. గాయకుడు వ్యాపారుల భాషలో మాట్లాడాడు కాబట్టి వాళ్లకు అర్థమైంది.

మరి కళ కళగానే ఆ హాల్లోకి వెళ్లిన సందర్భాలు లేవా? ఉన్నాయి. ఒకదాని గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను.

ఆస్ట్రేలియా కళాకారిణి లినెట్ వాల్‌వర్త్. 2016లో ఆమె ఒక వర్చువల్ రియాలిటీ చిత్రాన్ని, అంటే కళ్లకు పరికరం తగిలించుకుని మనమే ఆ చోట ఉన్నట్టు చూసే చిత్రాన్ని, దావోస్‌కు తెచ్చారు. అందులో ఉన్నది న్యారీ న్యారీ మోర్గాన్ అనే పెద్దాయన కథ. ఆయన పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో ఉండే మార్తు జాతివాడు. తెల్లవాళ్ల ప్రపంచంతో ఎలాంటి పరిచయం లేకుండా పెరిగాడు. 1950లలో ఒకరోజు ఆకాశంలోకి లేస్తున్న పెద్ద మేఘాన్ని చూశాడు. దేవతలే పైకి లేచారనుకున్నారు వాళ్లు. కంగారూలు ఎక్కడికక్కడ పడి ఉన్నాయి. వేటాడే శ్రమ లేకుండా దేవతలు ఇచ్చిన కానుక అనుకుని తిన్నారు. తిన్నవాళ్లు జబ్బుపడ్డారు. ఆయన చూసింది బ్రిటన్ చేసిన అణు పరీక్ష. ఆధునిక ప్రపంచం ఆయనకు మొట్టమొదట కనబడ్డ రూపం అది. ఆ కథను ఆయన దశాబ్దాలపాటు తనలోనే ఉంచుకున్నాడు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పరీక్షకు అనుమతి ఇచ్చింది ఎవరు? ఇలాంటి సభల్లో కూర్చునేలాంటివాళ్లే. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. ఎడారి ఖాళీగా ఉందని వాళ్ల పటంలో ఉంది. ఆ ఖాళీలో ఒక మనిషి నిలబడి చూస్తున్నాడు. దావోస్‌లో రోజూ జరిగే పని కూడా ఇదే కదా, ఎక్కడో ఉన్న మనుషుల గురించి పటాల మీద, పట్టికల మీద నిర్ణయాలు చేయడం. ఆ పటంలో కనబడని మనిషి వచ్చి మీ ఎదురుగా కూర్చుని మీ కళ్లలోకి చూస్తూ తన కథ చెబితే? ఆ చిత్రం చేసింది అదే. గణాంకాలు ఆ పని చేయలేవు. ప్రసంగాలూ చేయలేవు, నా ప్రసంగంతో సహా.

ఇంకో విషయం. ఆ కళ్లజోడు లాంటిది తలకు తగిలించుకున్నాక ఏమవుతుంది? ఫోను చూడలేరు. పక్కవాడికి కార్డు ఇవ్వలేరు. మాట్లాడలేరు. దావోస్‌కు వచ్చేవాళ్లు వచ్చేదే ఒకరినొకరు కలవడానికి, మాట్లాడుకోవడానికి. ఎప్పుడూ చెప్పడమే అలవాటైనవాళ్లు, పావుగంటకు పైగా ఒంటరిగా, నోరు విప్పకుండా మరొకరి మాట వినాలి. కళ ఆ సభలో చేయగలిగిన పని నా లెక్కన ఇదొక్కటే. వాళ్లను వినేవాళ్లుగా కూర్చోబెట్టడం. పాట చేస్తుంది ఈ పని, నాటకం చేస్తుంది. వర్చువల్ రియాలిటీయే కానక్కరలేదు. సమయం ఇవ్వాలి, అంతే.

అలాగని నేను ఆ సాంకేతికతకు దండం పెట్టడం లేదు. 2015లో కూడా అక్కడే, జోర్డాన్‌లోని జాతరీ శరణార్థి శిబిరంలో ఉన్న 12 ఏళ్ల సిరియా బాలిక కథను ఐక్యరాజ్యసమితి అలాగే చూపించింది. చాలామంది కదిలిపోయారు. ఆ తర్వాత అలాంటి చిత్రాలు విరాళాలు పోగుచేయడానికి బాగా పనికొచ్చాయి. మంచిదే. అయినా నాకు లోపల ఒక బాధ ఉంది. ఎనిమిది నిమిషాలు ఒక పిల్ల బతుకులోకి వెళ్లి, కళ్లు తుడుచుకుని, విందుకు వెళ్లిపోతే? అయ్యో అనుకున్నాం కాబట్టి మన వంతు అయిపోయిందని మనసు సర్దిచెప్పుకుంటే? అప్పుడు కళ వాళ్లకు ఓదార్పు అవుతుంది. ఓదార్పు అవసరమైంది ఆ పిల్లకు కదా? కదిలించడం ఒక్కటే సరిపోదు. కదిలినవాళ్లు తమకూ ఆ కథకూ ఉన్న సంబంధాన్ని చూడాలి. మోర్గాన్ కథలో అది ఉంది. ఆ మేఘాన్ని ఎవరు లేపారన్న ప్రశ్న కథలోంచే వస్తుంది, ప్రేక్షకుడు తప్పించుకోలేడు.

వాల్‌వర్త్‌కు 2020లో ఆ క్రిస్టల్ అవార్డే ఇచ్చారు. అప్పుడు ఆస్ట్రేలియా అడవులు తగలబడుతున్నాయి. ఆమె వేదికెక్కి ఆ మంటల గురించి మాట్లాడారు. అవార్డు తీసుకునే ఆ కొద్ది నిమిషాలనే వాళ్లు వినక తప్పని సమయంగా మార్చుకున్నారు. ఇచ్చినదాన్ని పుచ్చుకుంటూనే, అడగనిది చెప్పారు. అలా చేయవచ్చు. చేయడం కుదురుతుంది.

2019లో డచ్ చరిత్రకారుడు రట్గర్ బ్రెగ్మన్ చేసింది కూడా గుర్తుచేసుకోవాలి. ఆయన చిత్రకారుడూ గాయకుడూ కాదు, రచయిత. దావోస్‌లోనే ఒక చర్చలో కూర్చోబెట్టారు. అసమానతల గురించి అందరూ చక్కగా మాట్లాడుతున్నారు. పన్నుల మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. ఆయన అన్నాడు, అగ్నిమాపక దళం సమావేశానికి వచ్చి నీళ్ల గురించి మాట్లాడకూడదన్నట్టుంది ఇక్కడ, అని. ఆ ముక్క వీడియోగా లోకమంతా తిరిగింది. ఎందుకు తిరిగింది? అందులో కొత్త సమాచారం ఏముంది? ఏమీ లేదు. అతిథి మర్యాద కోసం అణుచుకోవలసిన మాటను అతిథి అణుచుకోలేదు. అంతే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ ఊరి గురించి ఒకటి చెప్పాలి. ఏటా ఆ వారంలో దావోస్ ప్రధాన వీధి ప్రొమెనాడ్‌లో చాలా దుకాణాల్ని కంపెనీలు, దేశాలు అద్దెకు తీసుకుని తమ బోర్డులు పెట్టుకుంటాయి. అదే వీధిలో కిర్చ్‌నర్ మ్యూజియం ఉంది. ఎర్న్‌స్ట్ లుడ్విగ్ కిర్చ్‌నర్ జర్మన్ చిత్రకారుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి మనసు చెదిరిపోయి, 1917లో కోలుకోవడానికి దావోస్ వచ్చాడు. అక్కడే ఉండిపోయి ఆ కొండల్ని, పశువుల కాపర్లని గీశాడు. 1937లో నాజీలు ఆయన కళను దిగజారిన కళ అని ముద్రవేసి, జర్మనీ మ్యూజియంల నుంచి ఆయన చిత్రాలు ఆరు వందలకు పైగా తీసేశారు. 1938లో దావోస్‌లోనే ఆత్మహత్య చేసుకున్నాడు. అధికారం ఒక కళాకారుణ్ణి ఏం చేయగలదో తెలుసుకోవడానికి ఆ సభకు వచ్చినవాళ్లు విమానంలో ఎవర్నీ రప్పించనక్కరలేదు. నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఆ వారంలో ఆ మ్యూజియంలో ఒక గంట గడపడాన్ని సభ కార్యక్రమంలోనే రాయాలని నేనంటాను.

ఇందాక, మొదలుపెట్టకముందు, ఒక మిత్రుడు అడిగారు. అసలు వెళ్లకపోతే పోదా, అని. న్యాయమైన ప్రశ్న. కాదనడంలో ఎంత బలముందో ఫొటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ చూపించారు. ఆక్సికాంటిన్ అనే నొప్పి మందుకు ఆమె స్వయంగా బానిసై బయటపడ్డారు. ఆ మందు చేసిన కంపెనీ యజమానులు సాక్లర్ కుటుంబం. పెద్ద పెద్ద మ్యూజియంల గోడల మీద దాతలుగా వాళ్ల పేర్లే ఉండేవి. గోల్డిన్ ఏం చేశారు? 2018 మార్చిలో తోటివాళ్లతో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోకి వెళ్లి, ఆ కుటుంబం పేరున్న విభాగంలోని నీళ్లలో మందు సీసాలు విసిరారు. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ సాక్లర్ల డబ్బు తీసుకుంటే తన ప్రదర్శన అక్కడ పెట్టనన్నారు. 2019లో పది లక్షల పౌండ్ల విరాళం ఆగిపోయింది. అదే ఏడాది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం ఆ పేరు తీసేసింది, 2021లో మెట్రోపాలిటన్ కూడా తీసేసింది. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? డబ్బున్నవాళ్లకు కళాకారులు కావాలి. మనం అనుకునేదానికన్నా ఎక్కువగా కావాలి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న తేడా ఉంది చూడండి, వాళ్లు కట్టి వస్తారు, మనం పిలిస్తే వెళతాం అన్నది, దాన్ని తిరగేసి చూడండి. కట్టినవాడు కట్టిన డబ్బు కోసమైనా కూర్చోవాలి. పిలుపు మీద వెళ్లినవాడు షరతు పెట్టవచ్చు. షరతు కుదరకపోతే రానని చెప్పవచ్చు.

అందుకే వెళ్లాలా వద్దా అన్నదాని మీద నేను ఎక్కువ కాలం గడపను. ఏ షరతు మీద వెళుతున్నారన్నది ముఖ్యం. నాకు ఎంత సమయం ఇస్తారు? విందు జరుగుతుండగానా, కుర్చీల్లో కూర్చున్నాకనా? ఏం పాడాలో, ఏం చూపించాలో నేనే ఎంచుకుంటానా, ముందుగా మీకు చూపించి ఒప్పించుకోవాలా? అందులో మీ సభ్య కంపెనీ ఒకటి వస్తే తీసేయమంటారా? నేను ఎవరి కథ చెబుతున్నానో ఆ మనిషిని నాతో తీసుకురావచ్చా? అతనికి మాట్లాడే వీలుంటుందా, లేక నా కళలో బొమ్మగా మాత్రమే ఉంటాడా? ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మనం కళాకారులం కూడా పేదవాళ్ల కథలు తీసుకుని వెళ్లి మన పేరు పెంచుకోగలం. సభ మన ఫొటో వాడుకుంటోందని అంటున్నాం కదా, మనం ఎవరి ముఖాన్ని వాడుకుంటున్నామో కూడా చూసుకోవాలి.

దావోస్ స్థాయి మనలో ఎంతమందికి వస్తుంది అని మీరనుకోవచ్చు. నిజమే. కానీ పెట్టుబడిదారుల సదస్సులు ఇప్పుడు జరగని దేశం లేదు. అన్నిచోట్లా ఒకటే తీరు. ప్రవేశ ద్వారం దగ్గర నృత్యకారుల్ని, వాద్యకారుల్ని నిలబెడతారు. మెడలో కార్డులు వేసుకున్న ప్రతినిధులు ఫోనులో మాట్లాడుకుంటూ వాళ్లను దాటి లోపలికి పోతారు. లోపల తలుపులు మూసుకుంటాయి. బయట ఇంకా ఆడుతూనే ఉంటారు. ఏళ్ల తరబడి చేసిన సాధన అది. గడప అలంకారంగా వాడుకుంటున్నారు. ఈసారి ఎవరైనా మిమ్మల్ని అలా పిలిస్తే, ద్వారం దగ్గర గంటసేపు వద్దు, లోపల, అందరూ కూర్చున్నాక, దీపాలు తగ్గించి, ఫోన్లు ఆపించి, పది నిమిషాలు ఇవ్వమని అడగండి. డబ్బు అదే ఇవ్వమనండి, సమయం మాత్రం అక్కడ ఇవ్వమనండి. ఒకరు అడిగితే కాదంటారు. పదిమంది అడిగితే, అందరూ అడిగితే, ఎవర్ని నిలబెడతారు ఆ ద్వారం దగ్గర?

నిర్వాహకులు ప్రశ్నలకు అరగంట ఉంచమన్నారు, ఇక్కడ ఆపుతాను. రెండో వరసలో మీరు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారమ్మా, మీరే మొదట అడగండి.